బావ రిసెప్షన్‌కి పాకెట్ స్క్వేర్లు: ఇంట్లో కుట్టిన డైరీ

ఆదివారం

మా మేనమామ కొడుకు పెళ్ళి కుదిరింది, శ్రావణంలో. ముహూర్తానికి అందరం పంచెలే, అందులో రెండో మాట లేదు. రిసెప్షన్‌కి మాత్రం బావకి నేవీ బ్లూ సూటు, చుట్టూ తిరిగే మా ఐదుగురికి గ్రే బ్లేజర్లు అని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు తీర్మానించేసింది. టైలు వద్దని నేనే పట్టుబట్టాను, ఆ ఉక్కపోతలో మెడకి ఉరి ఎందుకని. కానీ టై తీసేస్తే కోటు ముందు భాగం బోసిగా ఉంటుంది, పైజేబులో ఒక మంచి గుడ్డముక్క కనబడితే ఆ లోటు తీరుతుంది. ఈ మాట గ్రూపులో అన్నానో లేదో, ఆరు పాకెట్ స్క్వేర్లు చూసే పని నా నెత్తినే పడింది.

షాపుల్లో దొరికేవి చూస్తే నీరసం వచ్చింది. టై, పాకెట్ స్క్వేర్, కఫ్‌లింకులు ఒకే డబ్బాలో, టై గుడ్డతోనే పాకెట్ స్క్వేర్, అంతా తళతళలాడే పాలియెస్టర్ శాటిన్. టై గుడ్డ, జేబులో గుడ్డ ఒకటే అయితే ఎవరో మనకి డబ్బా గిఫ్ట్ ఇచ్చినట్టు ఉంటుంది తప్ప మనం ఎంచుకున్నట్టు ఉండదు. పైగా శాటిన్ జేబులో నిలవదు, పది నిమిషాల్లో జారి లోపలికి వెళ్ళిపోతుంది. మంచివి కావాలంటే చేత్తో అంచు చుట్టి కుట్టిన ఇటాలియన్ సిల్కువి ఉన్నాయి కానీ ఆరింటికి పెట్టే డబ్బుతో ఇంకో బ్లేజర్ వస్తుంది. అప్పుడు అనిపించింది, చేనేత గుడ్డకి కరువు లేని ఇంట్లో ఉండి నేనెందుకు కొనడం అని. ఒక అడుగు చతురస్రం, నాలుగు అంచులు. కుట్టేద్దాం.

అమ్మ బీరువా తీయించాను. బయటపడినవి: కుట్టించకుండా ఉండిపోయిన పోచంపల్లి పట్టు జాకెట్టు ముక్క (మెరూన్ మీద నీలం, గోధుమ రంగు ఇక్కత్), నిజాం బోర్డర్ ఉన్న మంగళగిరి కాటన్ చున్నీ, నాన్న చొక్కాకి తెచ్చిన తెల్ల లినెన్‌లో మిగిలిన ముక్క, పెడన కలంకారీ కొంత, అమ్మమ్మ పాత పట్టుచీర ఒకటి. చీర మీద ఆశపడ్డాను కానీ మడతల దగ్గర చివికిపోయింది, వేలితో కాస్త సాగదీస్తే చాలు పర్రుమంటోంది. పట్టుచీరని ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే ఇంతే, ఏడాదికోసారైనా మడత మార్చాలి. దాన్ని అలాగే లోపల పెట్టేశాం.

సోమవారం రాత్రి

ముందు అది నిజంగా పట్టేనా అని చూడాలి కదా. జాకెట్టు ముక్క చివర నుంచి నిలువు పోగు ఒకటి, అడ్డపోగు ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చాను. వెంట్రుక కాలిన వాసన, మంట తీయగానే ఆరిపోవడం, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయే నల్ల బూడిద. రెండూ పట్టే. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. రెండు పోగులూ విడివిడిగా కాల్చడం ముఖ్యం, నిలువు ఒకటి, పేక (అడ్డపోగు) ఇంకొకటి పెట్టి నేసిన గుడ్డలు చాలా ఉంటాయి.

తర్వాత వంటింటి త్రాసు మీద పెట్టాను. పట్టు బరువుని మోమీ అనే కొలతలో చెబుతారు, ఒక మోమీ అంటే చదరపు మీటరుకి దాదాపు 4.34 గ్రాములు. నా ముక్క 80 సెం.మీ. పొడవు, 115 వెడల్పు, బరువు 64 గ్రాములు. అంటే చదరపు మీటరుకి 70 గ్రాములు, సుమారు 16 మోమీ. ఇది చూశాక ధైర్యం వచ్చింది, ఎందుకంటే మంచి సిల్క్ స్కార్ఫులు కూడా అటూఇటూ ఈ బరువులోనే ఉంటాయి. మరీ పల్చనైతే జేబులో సొమ్మసిల్లి పడిపోతుంది, మరీ మందమైతే గుండె మీద గడ్డ లేచినట్టు కోటు ఉబ్బుతుంది.

ఇక్కత్‌లో ఇంకో లాభం ఉంది, నాకు ఇది అన్నిటికంటే పెద్ద లాభంగా తోచింది. ప్రింటెడ్ సిల్కుకి వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, మడత పెట్టినప్పుడు ఆ వెనక భాగం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఇక్కత్‌లో నేయకముందే పోగులకి ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి రెండువైపులా ఒకటే రంగు, ఒకటే డిజైను. జేబులో ఎలా కుక్కినా తప్పు వైపు అంటూ ఉండదు. పెడన కలంకారీ ముక్కని ఈ కారణంగానే పక్కన పెట్టాను, బ్లాకు ముద్ర పైవైపు ఎంత అందంగా ఉన్నా వెనక వెలవెలబోతోంది.

గురువారం

సైజు తేల్చాలి. బ్లేజర్లు టైలర్ దగ్గర్నుంచి వచ్చేశాయి. పైజేబు వెడల్పు దాదాపు 10.5 సెం.మీ., లోతు 12 పైచిలుకు. అన్నట్టు, ఒక బ్లేజర్ రెడీమేడ్‌ది, దాని పైజేబు కుట్టేసి ఉంది, మా తమ్ముడు అది ఉత్తుత్తి జేబు అనుకున్నాడు. చాలా కోట్లకి అలా వదులు కుట్టు వేసి పంపుతారు, షాపులో వేలాడేటప్పుడు జేబు సాగకుండా. చిన్న కత్తెరతో ఆ దారం ఒక్కటి తెంపితే అసలు జేబు తెరుచుకుంటుంది. కోటు వెనక కింద చీలిక (వెంట్) దగ్గర వేసే ఇంటూ గుర్తు కుట్టు కూడా అంతే, తీసేయాలి. పెళ్ళిళ్ళలో ఆ ఇంటూ కుట్టుతోనే స్టేజీ ఎక్కేవాళ్ళు ఎంతమందో.

రకరకాల పాత గుడ్డముక్కలు వేర్వేరు సైజుల్లో కత్తిరించి జేబులో పెట్టి, ఇల్లంతా తిరిగి, వంగి, చేతులు ఊపి చూశాను. 25 సెం.మీ. ముక్క మునిగిపోతోంది. 33 దగ్గర పట్టు సరిగ్గా నిలబడింది. పల్చటి కాటన్‌కి 38 నుంచి 40 వరకు కావాలి, లేకపోతే జేబు అడుగుకి దిగాక పైన ఏమీ మిగలదు. కాబట్టి సైజు అనేది గుడ్డ మందాన్ని బట్టి ఉండాలి గానీ ఒకటే నంబరు పట్టుకుని కూర్చోకూడదు.

లెక్క: పోచంపల్లి ముక్కని 35 చొప్పున కోస్తే 80లో రెండు, 115లో మూడు, మొత్తం ఆరు. అంచు చుట్టడానికి పోగా 33.5 మిగులుతుంది. అచ్చంగా ఆరు! కానీ అందరూ ఒకే గుడ్డ పెట్టుకుంటే స్కూలు యూనిఫాం అయిపోతుంది, అదీ నాకిష్టం లేదు. బావకి పోచంపల్లి, నాకు, తమ్ముడికి కూడా అదే కానీ మడత వేరు, మిగతా ముగ్గురిలో ఇద్దరికి మంగళగిరి, ఒకరికి తెల్ల లినెన్. పోచంపల్లిలో మిగిలే మూడు ముక్కలు రిజర్వు.

ఇది అత్తకి నచ్చలేదు. ఫోన్ చేసి, "పెళ్ళికూతురు చీర రాణీ పింకు కదరా, నీ ముక్కలో ఆ రంగే లేదేంటి?" అంది. "లేకపోవడమే మంచిది అత్తా, చీరలోంచి కత్తిరించి జేబులో పెట్టుకున్నట్టు ఉండకూడదు. ఆ చీర అంచులో నీలం ఉంది, దీంట్లోనూ నీలం ఉంది, అది చాలు" అన్నాను. "ఏమో, ఫొటోల్లో కలవకపోతే నిన్నే అడుగుతా" అని పెట్టేసింది. ఆ చీర బార్డర్ ఫొటో తెప్పించుకుని పగటి వెలుతురులో పోల్చి చూశాకే నేను నిమ్మళంగా పడుకున్నది.

శనివారం

కోయడానికి ముందు తడపడం. కాటన్, లినెన్ కుంచించుకుపోతాయి, అది కుట్టాక జరిగితే అంచులు ముడతలు పడతాయి, కాబట్టి రెండింటినీ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేశాను. పట్టుకి ముందు రంగు పరీక్ష: తడి తెల్లగుడ్డని ఒక మూల మీద పెట్టి గట్టిగా అదిమి కాసేపు ఉంచాను. మెరూన్ కొంచెం దిగింది. కుంకుడుకాయ రసం పల్చగా కలిపిన చల్లనీళ్ళలో జాడించాను, రెండోసారి జాడించేసరికి నీళ్ళు తేటగా వచ్చాయి. ఇది చూసుకోకపోతే శ్రావణమాసం చెమటకి మెరూన్ రంగు గ్రే బ్లేజర్ జేబులోకి దిగేది.

తర్వాత గంజి. అన్నం వార్చిన గంజిని బాగా పల్చన చేసి, వడకట్టి, కోయబోయే గీతల వెంబడి మాత్రమే దూదితో అద్దాను. పట్టు జారుడు స్వభావం అక్కడ తగ్గి, కాగితంలా నిలబడుతుంది, పోగులు కూడా ఊడిరావు. కుట్టు అయ్యాక చల్లనీళ్ళలో పెడితే గంజి పోతుంది.

కోసే గీత కోసం పెన్సిలు, స్కేలు నమ్ముకోలేదు. పోగు లాగే పద్ధతి వాడాను: 35 సెం.మీ. దగ్గర చిన్న గంటు పెట్టి, సూదిమొనతో ఒక్క పోగుని పట్టుకుని మెల్లగా లాగుతూ పోతే గుడ్డలో సన్నటి ఖాళీ గీత ఏర్పడుతుంది, ఆ గీత మీదే కత్తెర నడపాలి. మగ్గం మీద పోగు ఎలా పడిందో కోత కూడా అలాగే పోతుంది కాబట్టి చతురస్రం నాలుగు మూలలూ నిటారుగా వస్తాయి, తర్వాత మెలికపడదు. సాదా నేత గుడ్డలకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మధ్యలో పోగు తెగితే పక్కనున్నది పట్టుకోవాలి, ఓపిక ఉండాలి, అంతే.

మంగళగిరి చున్నీ కోసేటప్పుడు ఒక ఆలోచన వచ్చింది, ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే. నిజాం బోర్డర్ అంటే సన్నటి జరీ అంచు, దాని మీద చిన్న చిన్న గోపురాల వరస. ఆ బోర్డర్ ఒకవైపు ఉండేలా చతురస్రం కోస్తే ఆ వైపు మగ్గం మీది అంచే కాబట్టి కుట్టక్కర్లేదు, మూడు వైపులు కుడితే చాలు. పైగా జేబులో అడ్డంగా మడిచి పెట్టినప్పుడు సరిగ్గా ఆ జరీ గీత ఒక్కటే పైకి కనిపిస్తుంది. మిగతాదంతా జేబులోనే. మెరుపు కావాలన్నవాళ్ళకి మెరుపు, అదీ ఒక సెంటీమీటరు మేరకే.

ఆదివారం

అంచు. అసలు పనంతా ఇదే.

ఫాల్, పికో చేసే షాపులో ఇస్తే ఐదు నిమిషాల్లో మెషీన్ మీద పికో చేసి ఇచ్చేస్తారు. చీర కొంగుకి అది బాగానే ఉంటుంది, ఎవరూ ముక్కు దగ్గర పెట్టుకుని చూడరు. పాకెట్ స్క్వేర్‌కి మాత్రం అంచే కనిపించేది. మెషీన్ అంచు బల్లపరుపుగా అణిగి, గట్టిగా, గీత గీసినట్టు ఉంటుంది. చేత్తో చుట్టిన అంచు గుండ్రంగా, లోపల గాలి ఉన్నట్టు కాస్త ఉబ్బి ఉంటుంది, మడతల్లో వెలుతురు దాని మీద పడినప్పుడు తేడా రెండడుగుల దూరం నుంచే తెలుస్తుంది.

వీడియోలు చూశాను కానీ చేతికి రాలేదు, అందుకని మా కింది ఫ్లోర్‌లో చీరలకి ఫాల్ కుట్టే పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముక్క అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్న గుడ్డకి ఇంత తతంగమా బాబూ, ముక్కు తుడుచుకోవడానికేనా?" అన్నారు. "కాదండీ, జేబులో పెట్టుకోవడానికి, చూపించడానికే" అంటే నవ్వి, సూది మార్చమన్నారు. నేను తీసుకెళ్ళింది మరీ లావు సూదిట. పదో నంబరు సూది, సన్న దారం, అదీ మోచేతి పొడవు కంటే ఎక్కువ వద్దన్నారు, ఎక్కువైతే మెలిపడుతుంది. దారాన్ని మైనం ముక్క మీద ఒకసారి లాగితే ముడులు పడవు.

కుట్టే తీరు ఇదీ. అంచు నుంచి అర సెంటీమీటరు కన్నా తక్కువ గుడ్డని మడిచి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి ఇంకోసారి లోపలికి దొర్లించాలి. వేళ్ళు కొద్దిగా తడిగా ఉంటే గుడ్డ మాట వింటుంది. సూదితో కింది గుడ్డలో ఒకటి లేదా రెండు పోగులు మాత్రమే పట్టుకోవాలి, వెంటనే సూదిని చుట్టలోకి దూర్చి, లోపలే అర సెంటీమీటరు నడిపించి బయటికి తీయాలి, మళ్ళీ కింద ఒక పోగు. ఇలా ఆరేడు కుట్లు వదులుగా వేసుకుని, అప్పుడు దారం మెల్లగా లాగితే అంచు తనంతట తానే చుట్టుకుపోయి కుట్లు మాయమవుతాయి. ఆ క్షణం చాలా బాగుంటుంది, చెప్తే అర్థం కాదు. గట్టిగా లాగితే ముడత పడుతుంది, లాగకపోతే కుట్లు కనబడతాయి, మధ్యలో ఎక్కడో ఉంది ఆ కొలత, అది వేలికి తెలియాలి.

ఫ్రెంచి స్కార్ఫుల్లో ఈ చుట్ట డిజైను ఉన్న ముఖం వైపుకి ఉంటుంది, మామూలు చేతిరుమాలుకి వెనకవైపుకి ఉంటుంది. ఇక్కత్‌కి ముఖం, వెనక ఒకటే కాబట్టి ఎటైనా ఫరవాలేదు, నేను పైకి కనిపించేలాగే చుట్టాను, ఇంత కష్టపడి దాచుకోవడం ఎందుకు.

మూలల దగ్గర ఒక వైపు చివరిదాకా చుట్టేసి, దాని మీదుగా రెండో వైపు చుట్టు మొదలుపెట్టి, అక్కడ రెండు కుట్లు గట్టిగా వేయాలి. ఇక్కత్ అడ్డపోగు మెలి తక్కువగా ఉండి మూలలో పీచు లేస్తోంది, పిన్నిగారు అక్కడ చిటికెడు గంజి ఇంకోసారి అద్దమన్నారు, సరిపోయింది. ఒక గుడ్డ నాలుగు వైపులూ కుట్టడానికి ఒక పాత సినిమా మొత్తం పడుతుంది, పాటలు కొట్టేయకుండా.

దారం విషయంలో ఒక ప్రయోగం కూడా చేశాను, అదే గుడ్డలోంచి లాగిన పోగుతో కుట్టొచ్చా అని. రంగు అతికినట్టు కలుస్తుంది కానీ కన్నంలో రెండుసార్లు దూరేసరికి పీచు పీచుగా విడిపోతోంది. సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచి తెచ్చిన సన్న దారమే నయం.

బుధవారం

మధ్యలో ఒక విరామం, ఎందుకంటే ఒక స్నేహితుడు అడిగాడు: "ఇంత చేస్తున్నావు, చతురస్రం గుడ్డ అంటే మన తేలియా రుమాలే కదా, అది కోసి పెట్టుకోవచ్చుగా?"

నేనైతే కోయను. తేలియా రుమాలు ఒకప్పుడు చీరాలలో నేసి అరబ్ దేశాలకి ఎగుమతి చేసేవారు, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో ఆ నేత బతికి ఉంది. నూలు పోగుల్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ నానబెడతారు. ఆ నూనె పట్టడం వల్లే ఎరుపు రంగు నూలులోకి అంత లోతుగా దిగుతుంది, గుడ్డకి మెత్తదనం, ఆ ప్రత్యేకమైన వాసన వస్తాయి, ఎండలో తలకి చుట్టుకుంటే చల్లగానూ ఉంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు. నిలువు పోగులకీ, పేకకీ రెండింటికీ ముడులు కట్టి రంగులు వేస్తారు, నేసేటప్పుడు రెండూ సరిగ్గా కలవాలి, ఒక పోగు జరిగితే డిజైను చెదురుతుంది. ఆ నేతకే గజం గోవర్ధనకి 2011లో పద్మశ్రీ వచ్చింది, రుమాలుకి 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. దాని చుట్టూ అంచు, మధ్యలో గళ్ళు అన్నీ ఒక పూర్తి లెక్క ప్రకారం ఉంటాయి, దాన్ని ముక్కలు చేస్తే ఒక్కదాంట్లోనూ ఆ లెక్క మిగలదు. పోనీ మడిచి పెడదామంటే అంత పెద్ద నూలు గుడ్డ కోటు జేబులో దూరదు. జీన్స్, కుర్తా మీద మెడకి వేసుకుంటే దాని అందం దానిది.

అంతగా ఆశ ఉంటే చిన్న సైజులోనే నేయించుకోవడం పద్ధతి. ఒక మగ్గం నేతగాడిని అడగాలని ఉంది, కానీ ఇద్దరు ముగ్గురి కోసం ముడుల డిజైను మళ్ళీ గీయమనడం న్యాయం కాదు, కనీసం ఇరవై ముప్ఫై గుడ్డలకైనా ఆర్డరు ఉండాలి.

శుక్రవారం రాత్రి: ట్రయల్

కుట్టడం అయిపోయింది. గంజి కడిగి, ఆరేసి, ఇస్త్రీ. ఇక్కడ ఒకటే జాగ్రత్త: ఇస్త్రీ పెట్టె గుడ్డ మధ్యలోనే తిరగాలి, అంచు మీదికి ఎక్కకూడదు. ఎక్కితే అంత కష్టపడి తెచ్చిన గుండ్రదనం నొక్కుకుపోయి పికో అంచులాగే అయిపోతుంది. ఇస్త్రీ బండికి ఇవ్వకుండా నేనే చేశాను.

తెల్ల లినెన్‌కి టీవీ ఫోల్డ్. చతురస్రాన్ని సగానికి, మళ్ళీ జేబు వెడల్పుకి మడిచి, పైన ఒక సెంటీమీటరు నిటారు గీత కనిపించేలా పెట్టడం. 1950ల అమెరికా టీవీల్లో కనబడేవాళ్ళు ఇలా పెట్టుకునేవారని ఆ పేరు. అసలు కోటు పైజేబులో రుమాలు పెట్టుకోవడం అలంకారానికే మిగిలిపోవడం వెనక కాగితం కూడా ఉంది. 1924లో క్లీనెక్స్ వచ్చినప్పుడు అది ముఖానికి రాసుకున్న క్రీమ్ తుడుచుకోవడానికే, 1930ల్లో మాత్రం జలుబుకి గుడ్డ రుమాలు బదులు దీన్నే వాడి పారేయండని ప్రకటనలు ఇచ్చారు. ముక్కు తుడుచుకునే డ్యూటీ కాగితానికి పోయింది, లినెన్‌కి షోకు మిగిలింది. మా పిన్నిగారి ప్రశ్నకి ఇదే సమాధానం, చెప్పాలి ఆవిడకి.

మంగళగిరికి కూడా టీవీ ఫోల్డే, జరీ గీత పైకి. గ్రే మీద అద్భుతంగా ఉంది.

పోచంపల్లికి పఫ్. గుడ్డని మధ్యలో రెండు వేళ్ళతో ఎత్తి, కింద వేలాడే భాగాన్ని గుప్పిట్లో ఒక్కసారి జారవిడిచి, చివరల్ని వెనక్కి మడిచి జేబులో దింపడం. దీనికి అద్దం ముందు ఎంతసేపు సర్దితే అంత పాడవుతుంది. ఒక్కసారి దింపి వదిలేయాలి. తమ్ముడు చివరలు పైకి వచ్చేలా తలకిందులుగా పెట్టుకున్నాడు, అప్పుడు చుట్టిన అంచులన్నీ బయటికి కనబడ్డాయి, నిజానికి అదే ఇంకా బాగుంది. నేనూ మార్చేశాను. బావకి మాత్రం గుండ్రటి పఫ్ ఉంచాను, నేవీ మీద నిండుగా ఉంటుందని.

పఫ్ కుంగకుండా ఒక చిట్కా: మిగిలిన శుభలేఖ కార్డుని జేబు వెడల్పు కంటే కాస్త తక్కువకి కత్తిరించి, జేబు అడుగున పెట్టి, దాని మీద గుడ్డ కూర్చోబెట్టడం. ఆన్‌లైన్‌లో దీనికి ప్లాస్టిక్ హోల్డర్లు అమ్ముతున్నారు, అక్కర్లేదు. పైజేబులో ఇంకేమీ పెట్టకూడదు, పెన్ను, కళ్ళజోడు, ఫంక్షన్ హాల్ కారు పార్కింగు చీటీ, ఏదీ. చెమట తుడుచుకునే రుమాలు వేరే, ప్యాంటు జేబులో. ఇది ఐదుగురికీ విడివిడిగా, గట్టిగా చెప్పాను.

రిసెప్షన్ రాత్రి, ఇంటికొచ్చాక

ఫలితాలు రాసేస్తున్నా, పడుకుంటే మర్చిపోతాను.

టీవీ ఫోల్డుల్లో జరీవి రెండూ ఆఖరి భోజనాల బంతి దాకా చెక్కు చెదరలేదు. లినెన్ కాస్త మెత్తబడింది కానీ నిలబడింది. తమ్ముడు వంగి వడ్డించేటప్పుడు అతని మడత ఒకసారి మునిగింది, పైకి లాగితే సరిపోయింది.

బావ పఫ్ దగ్గర నేను లెక్కలోకి తీసుకోని శత్రువు దండ. స్టేజీ ఎక్కగానే గులాబీ దండ వేశారు, అది సరిగ్గా ఎడమ జేబు మీద పడి ఉబ్బునంతా నొక్కేసింది. దండ తీసేవరకు ఎవరికీ కనబడలేదు, తీశాక చూస్తే అప్పడం. జంట ఫొటోలకి ముందు ఫొటోగ్రాఫర్‌ని రెండు నిమిషాలు అడిగి మళ్ళీ దింపాను. పెళ్ళికొడుకుకి టీవీ ఫోల్డే పెట్టాలి, దండ కింద కూడా అది అలాగే ఉంటుంది. పఫ్‌లు దండ పడని మాలాంటి వాళ్ళకి.

రెండోది అక్షింతలు. పైకి తెరుచుకుని ఉన్న మడతలో అవి చక్కగా చేరతాయి, నా జేబులోంచి ఇంటికొచ్చాక గుప్పెడు తీశాను. ఇక్కత్ మెరూన్ కాబట్టి పసుపు కనబడలేదు, లినెన్ మాత్రం రెండు చోట్ల పచ్చబడింది.

మెచ్చుకున్నవాళ్ళు తక్కువే, అది మంచి లక్షణమే. ఎవరైనా దగ్గరికొచ్చి "అది పాకెట్ స్క్వేరా?" అని అడిగారంటే అది కోటు కంటే ముందు కనబడుతోందని అర్థం. పెళ్ళికూతురి తాతగారు ఒక్కరు మాత్రం జరీ గీత చూసి "మంగళగిరేనా?" అని అడిగి, ముట్టుకుని చూసి వెళ్ళారు. అత్త ఫొటోలన్నీ వేళ్ళతో పెద్దవి చేసి చూసింది, ఏమీ అనలేదు. నీలం కలిసిందన్నమాట.

తర్వాతి వారం

లినెన్ మీది పసుపుకి ముందు సబ్బు పెట్టాను, మరక ఎర్రగా మారింది. భయపడక్కర్లేదు, పసుపు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, నీళ్ళలో జాడిస్తే మళ్ళీ పసుపే. తడిగా ఉన్నప్పుడే మంచి ఎండలో వేస్తే వెలుతురుకి ఆ రంగు విరిగిపోతుంది. మబ్బు పట్టిన రోజులు కాబట్టి ఆలస్యమైంది గానీ వారం తిరిగేసరికి మరక జాడ లేదు. పట్టు ముక్కల్ని మాత్రం ఎండలో పెట్టలేదు, కుంకుడు నీళ్ళు, నీడ. దాచేటప్పుడు మడవకుండా ఒక కాగితపు గొట్టానికి చుట్టి పెట్టాను, అమ్మమ్మ చీర గతి పట్టకుండా.

మార్పులు, రాసి పెట్టుకుంటున్నవి: మంగళగిరిని 36లో కోసేశాను, ఈసారి ముందు తేల్చుకున్నట్టే 40 సెం.మీ.లో కోయాలి, జేబు అడుగు నుంచి లెక్కేస్తే అంచు కిందకి ఉండిపోతోంది, కార్డు ముక్క పెట్టాల్సి వచ్చింది. పోచంపల్లికి 33.5 సరిపోయింది, మార్చను. దారం లేత గోధుమ రంగు ఒక్కటి ఉంటే మెరూన్‌లోనూ, నీలంలోనూ కలిసిపోతుంది, మూడు రకాల రీళ్ళు కొనక్కర్లేదు.

రిజర్వు ముక్కల్లో ఒకటి పిన్నిగారి అబ్బాయి ఇంటర్వ్యూకి తీసుకెళ్తానంటే వద్దన్నాను, ఇంటర్వ్యూకి తెల్ల లినెన్ తప్ప ఏదీ పెట్టుకోకు అని అదే ఇచ్చి పంపాను. మిగిలిన మూడు పోచంపల్లి ముక్కలకి ఇంకా అంచు కుట్టలేదు. ఒకటి నాన్నకి, ఆయన బంద్‌గలాకి, వచ్చే నెలలో రిటైర్మెంట్ ఫంక్షన్ ఉంది. బంద్‌గలాకి కాలర్ మూసి ఉంటుంది కాబట్టి పఫ్ ఎక్కువవుతుంది, మూల ఒక్కటే పైకి తేలేలా ఒకే మొన మడత పెట్టి చూడాలి.